వాకిట్లో లారీ

పాన్‌గల్‌లో మా పాత ఇంటి జాగాను కొన్నవాళ్లు చదును చేయిస్తున్నారని తెలిసి, పోయిన వేసవిలో ఒకసారి చూసి వద్దామని వనపర్తిలో బస్సెక్కాను. నేను పోయేసరికి ఇల్లు నేలమట్టమై ఉంది. గోడల రాళ్లు ఒక పక్క, దూలాలు ఒక పక్క కుప్పలు పోశారు. వాటిని చూస్తే అనుకున్నంత బాధ కలగలేదు. మా ఆయన పోయి ఏడాది దాటింది. ఇక గోడల కోసం ఏడ్చే ఓపిక నాలో మిగల్లేదేమో. జేసీబీ వాకిలి మట్టిని తోడుతోంది. దాన్ని నడిపే అతను ఉన్నట్టుండి యంత్రం ఆపి దిగాడు. గుప్పెడు మట్టి తీసి వాసన చూసి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఈడ ముందు ఏముండె? ఎంత తోడినా మట్టి నల్లగనే వస్తున్నది. నూనె వాసన కొడ్తున్నది."

"లారీ ఉండె నాయినా."

"అయితే షెడ్డా?"

"షెడ్డు గాదు, ఇల్లే. వాకిట్ల లారీ వెట్టుకొని బాగుచేసినం."

"ఇంటికాడనా!" అని నవ్వి, అతను మళ్లీ యంత్రం ఎక్కాడు. అతని పని అతనిది. నేను మాత్రం ఆ వాసన దగ్గర ఆగిపోయాను. కాలిన ఇంజన్ నూనె, మేము గ్యాస్‌నూనె అనే కిరోసిన్, తడిసిన ఇనుము, వాటి కిందెక్కడో బర్రెపేడ. నా కొత్త కాపురం వాసన అది.

మాది కోడేరు. నాయిన, ముగ్గురు చిన్నాయినలు ఉమ్మడిగా ఉండే ఇల్లు. పొద్దున్నే ఎవరో ఒకరి అరుపు వినబడనిదే తెల్లారినట్టు ఉండేది కాదు. నేను పదో తరగతి పాసయ్యాక ఇక చాలన్నారు. పాన్‌గల్ బాలకిష్టయ్య డ్రైవర్ కొడుకు కుర్మయ్యకు ఇచ్చి చేశారు. అతనూ డ్రైవరే. ఒక్కడే కొడుకు, ఆడబిడ్డలు లేరు, అత్త పోయింది, పోరు పెట్టేవాళ్లు ఎవరూ లేరని మా అమ్మ సంబరపడింది. పోరు పెట్టేవాళ్లు లేని ఇంట్లో పలకరించేవాళ్లు కూడా ఉండరన్న సంగతి ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు. కొత్తకోడలిగా ఆ వాకిట్లో కాలు పెట్టినప్పుడు నాకు ముందు కనిపించింది ఇల్లు కాదు, లారీ. ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ. టైర్లు లేవు. నాలుగు మూలలా రాళ్ల మీద నిలబెట్టి ఉంది. వెనక చెక్కలన్నీ ఊడిపోయి ఇనుప పట్టీలు పక్కటెముకల్లా కనిపిస్తున్నాయి. విప్పిన ఇంజన్ ముక్కలు పక్కన గోనె మీద ఉన్నాయి, అది ఉండవలసిన చోట కోడి పొదుగుతోంది. చుట్టాలు ఆ లారీ ముందు భాగం మీదే పెళ్లి బట్టలు ఆరేసుకున్నారు. వాళ్లు వెళ్లిపోయారు. నెల తిరగకుండానే మా ఆయన కూడా వెళ్లిపోయాడు. కర్నూలు యజమాని ఒకాయన లారీ మీద బొంబాయి దిక్కు సరుకు తోలే పని అతనిది. ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. పెబ్బేరు హైవే మీద హోటల్లో ఎవరైనా డ్రైవర్ కనిపిస్తే "ఫలానా ఊళ్లో చూసిన, మంచిగనే ఉన్నడు" అన్న కబురు మాత్రం అందేది.

ఇంట్లో మిగిలింది మామ, నేను. మా దిక్కు అప్పట్లో కోడలు మామకు ఎదురుపడదు, ఆయన ముందు కూర్చోదు, పేరు పెట్టి కాదు కదా, వరస పెట్టి కూడా పిలవదు. అత్తో ఆడబిడ్డో ఉంటే వాళ్ల ద్వారా మాటలు నడుస్తాయి. మాకు ఎవరూ లేరు. కొట్టంలో బర్రె ఒకటి ఉండేది. చివరకు అదే మా ఇద్దరికీ మధ్యవర్తి అయింది. ఆయన గుమ్మం దగ్గరికి రాగానే ఒకసారి దగ్గేవాడు. నేను కొంగు సర్దుకుని తలుపు చాటుకు పోయేదాన్ని. అప్పుడు ఆయన కొట్టం దిక్కు చూస్తూ అనేవాడు.

"ఏమే బర్రే, జొన్నపిండి ఉన్నదా, గిర్నీకి పోయి రావాల్నా?"

నేను తలుపు వెనక నుంచి, "పోయి రావాలె బర్రే, పొద్దుమూకెకు పిండి లేదు" అనేదాన్ని.

అది నెమరు వేస్తూ మమ్మల్ని ఇద్దరినీ చూసేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరువాత నవ్వు రావడం మానేసింది. రోజంతా నేను విన్న మనిషి మాటలు అవే కావడం వల్ల, వాటి కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. ఆయనకు దగ్గు వస్తే చాలు, చేతిలో పని వదిలేసి తలుపు దగ్గరికి పోయేదాన్ని. ఒక్కోసారి అది ఉత్త దగ్గే అయ్యేది.

మామ తెల్లవారకముందే లేచేవాడు. వేపపుల్ల నోట్లో పెట్టుకుని, లారీ చుట్టూ దాని ఒంటి మీద చెయ్యి ఆనించి ఒక చుట్టు తిరిగేవాడు. తరువాతే ముఖం కడగడం. నేను చేసిన జొన్నరొట్టె, పల్లికారం, ఉల్లిగడ్డ లారీ అడుగుమెట్టు మీద కూర్చుని తినేవాడు. తిన్న పళ్లెం తానే కడిగి గడప పక్కన బోర్లించేవాడు. ఆ పళ్లెం చప్పుడైతే నేను తీసుకుపోవచ్చని గుర్తు. బీడీ ఒకటి ఎప్పుడూ చెవి మీద ఉండేది కానీ లారీ దగ్గర వెలిగించగా చూడలేదు. వీధి అవతల గోడ దగ్గరికి పోయి తాగి వచ్చేవాడు. ఆయన ఎడమ మోకాలు సరిగా వంగదు. క్లచ్ తొక్కలేడు. అంటే ఆ లారీ బాగైనా నడిపేది ఆయన కాదు. మరి ఎవరి కోసం ఈ ఆరాటం అన్నది ఆయన చెప్పలేదు. నేను అడిగే వీలు లేదు.

అది వనపర్తిలో ఒక పల్లీల మిల్లు వెనక తుప్పుపట్టి పడి ఉన్న బండి. తన వయసంతా ఆయన నడిపింది దాన్నే. పాత ఇనుము కింద అమ్మేస్తుంటే అదే ధరకు కొని ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చాడట. షెడ్డుకు తోలి బాగుచేయించే స్తోమత లేదు. ఉన్నవి కొన్ని గొర్రెలు, కౌలుకిచ్చిన మెట్టచెలక. ఏదైనా సామాను తప్పనిసరైనప్పుడు ఒక గొర్రె పెబ్బేరు సంతకు పోయేది. రేడియేటర్ అయిన గొర్రె ఉంది, గేర్‌బాక్స్ పళ్లచక్రాలు అయిన గొర్రెలు ఉన్నాయి. కొనకుండా గడిచేదాన్ని ఆయన కొనేవాడు కాదు. వంకరపోయిన నట్టును కూడా రాయి మీద పెట్టి సాపు చేసి కొబ్బరిచిప్పలో వేసేవాడు. ఇంజన్ ముక్కల నడుమ బిగించే అట్ట కావలసి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. "బర్రే, ఇంట్ల మందం అట్ట ఏమన్న ఉన్నదా?" నా పెళ్లిచీర రాజోలి మగ్గం మీద నేయించింది. దాన్ని పెట్టి ఇచ్చిన అట్టపెట్టె నా పెట్టెలో అడుగున ఉంది. చీర తీసి పక్కన పెట్టి అట్టపెట్టెను గడప మీద ఉంచాను. ఆయన దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్తదని తెలిసిపోయింది. మరునాడు గడప మీద, సరిగ్గా ఆ అట్టపెట్టె పెట్టిన చోట, రెండు సీతాఫలాలు ఉన్నాయి.

అట్లా మొదలైంది నా పని. నల్లగా జిడ్డుపట్టిన బోల్టుల చిప్ప ఒకటి గడప దగ్గర కనిపించింది. పక్కనే గ్యాస్‌నూనె పోసిన పాత తట్ట. ఎవరూ చేయమనలేదు. కూర్చుని కడిగాను. కడిగి నులకమంచం మీద వడియాలు ఆరబెట్టినట్టు ఆరబెట్టాను. మరునాడు ఇంకో చిప్ప వచ్చింది. ఆపైన ఉప్పు కాగితం వచ్చింది, తుప్పు గీకాను. రేడియేటర్ కారుతుంటే వంటింట్లోంచి పసుపు ఇచ్చాను. నీళ్లలో కలిపి పోస్తే సన్నటి బెజ్జాలు మూసుకుంటాయి. డీజిల్ ట్యాంకు చెమరిస్తుంటే పగులుకు రుద్దడానికి బట్టల సబ్బు ఇచ్చాను. అత్త పాతచీరలు పొరలు పొరలుగా వేసి బొంత కుట్టి, దాన్ని సీటుకు తొడిగాను. నా చేతి గోళ్ల కింద నలుపు ఎంత తోమినా పోయేది కాదు. నీళ్లకు పోయినప్పుడు ఆడవాళ్లు నా చేతులు చూసి, "కుర్మయ్యకు పెండ్లామైందా, లారీకి అయిందా?" అని నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ నవ్వి, బిందె నింపుకుని వచ్చేసేదాన్ని.

శుక్రవారం మాత్రం ఇంట్లో సందడి ఉండేది. వనపర్తి నుంచి ఖాజా భాయ్ వచ్చేవాడు. ఒకప్పుడు మామ దగ్గర క్లీనరుగా చేసి, తరువాత మెకానిక్ అయినవాడు. శుక్రవారం నమాజు చేసుకుని, పానాల సంచి సైకిల్‌కు తగిలించుకుని వచ్చేవాడు. మాట్లాడకుండా పని చేయడం అతనికి చేతకాదు. ఇంజన్‌తో మాట్లాడేవాడు, పానాతో మాట్లాడేవాడు, ఎవరూ వినకపోతే కోడితో మాట్లాడేవాడు. నన్ను మాత్రం మొదటిరోజే నేరుగా పలకరించాడు.

"బేటీ, మీ మామ మా ఉస్తాద్. నోరు తెరవడు. పరేషాన్ గాకు. నన్ను గూడ మొదలు గిట్లనే సతాయించిండు. ఏండ్ల తరబడి పక్కన కూసున్న గానీ 'చాయ్ తాగుదాం' తప్ప ఇంకో మాట ఇన్లే."

"మరెట్ల ఉన్నవ్ భాయ్?"

"ఆయన చేతులు చూసుకుంట ఉన్న. చేతులు మంచిగ మాట్లాడ్తయి."

లారీ కింద నుంచి మామ దగ్గు వినిపించింది. ఖాజా భాయ్ నాలుక కొరుక్కుని పనిలో పడ్డాడు. సాయంత్రం అతని సైకిల్ మలుపు తిరిగేదాకా నేను తలుపు దగ్గరే నిలబడేదాన్ని. అతను పోయాక ఇల్లు మరింత బోసిగా ఉండేది. శనివారం అన్నిటికంటే పొడుగైన రోజు.

ఆ రోజుల్లో మా ఆయన వస్తే రెండు పూటలో మూడు పూటలో ఉండేవాడు. వచ్చీ రాగానే స్నానం చేసి పడుకునేవాడు. లేచి అన్నం తిని మళ్లీ పడుకునేవాడు. చెడ్డవాడు కాదు. నా కోసం షోలాపూర్ దుప్పటి తెచ్చాడొకసారి, గాజులు తెచ్చాడొకసారి. కానీ ఇల్లంతా కొత్తగా చూసేవాడు, ఏది ఎక్కడుందో అడిగేవాడు. ఒకసారి మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మామ బ్రేక్ డ్రమ్ము ఒళ్లో పెట్టుకుని తుడుస్తున్నాడు. పని పెరిగేకొద్దీ గడప దాటి లారీ దాకా వచ్చిన నేను, ఆయనకు వీపు తిప్పి కూర్చుని బోల్టులు కడుగుతున్నాను. ఇద్దరం ఒకరి దిక్కు ఒకరం చూసుకోవడం లేదు. ఆయన చెయ్యి చాపితే నేను తట్టను జరుపుతున్నాను, అంతే. మా ఆయన ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"ఎందుకు నాయినా గీ కష్టం? గీ డొక్కును ఇనుప సామాన్లోనికి ఇచ్చెయ్యి. రేపు నడిచినా దీనికి టైర్లు కావాలె, టాక్సు కట్టాలె, అడుగడుగున ఆగుతది. ఇప్పుడైతే తాళం చెవి యజమాని చేతిల వెడితె నా పని అయిపోతది."

మామ డ్రమ్ము తుడవడం ఆపలేదు. మా ఆయన కొంచెంసేపు నిలబడి లోపలికి వచ్చాడు. వెనకే నేనూ వచ్చాను.

"బండి బాగైతే ఇంటికాడనే ఉంటరా?" అని అడిగాను.

"అది బాగుగానియ్యి, సూద్దాం" అన్నాడు.

అదే నాకు మాట ఇచ్చినంత అయింది. మామ ఎవరి కోసం ఆ బండి చేస్తున్నాడో నాకు ఆ పూట అర్థమైంది. ఆ రోజు నుంచి బోల్టు కడిగినా తుప్పు గీకినా నా మొగుణ్ని ఇంటికి తెచ్చుకుంటున్నట్టే ఉండేది.

రంజాన్ నెలలో ఖాజా భాయ్ రాలేదు. బ్రేకుల పని సగంలో ఆగిపోయింది. బ్రేకు నూనె గొట్టాల్లో గాలి చేరితే పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఆ గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పైన సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి గాలి పోనిచ్చి మళ్లీ బిగించాలి. పైన తొక్కేవాళ్లు కింద చెప్పేవాళ్ల మాట క్షణం దాటకుండా వినాలి. మామ పొద్దటి నుంచీ లారీ చుట్టూ తిరిగాడు. పెడల్‌కు కర్ర అడ్డం పెట్టి చూశాడు, జారిపోయింది. రాయి పెట్టి చూశాడు. చివరకు కొట్టం దగ్గరికి పోయి బర్రె ముందు నిలబడ్డాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన నోరు తెరవకముందే బయటికి వచ్చి, కొంగు నడుముకు దోపుకుని, లారీ ఎక్కి సీట్లో కూర్చున్నాను. నా జీవితంలో మామకంటే ఎత్తున కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన నా దిక్కు చూడకుండా వెనక చక్రం కిందికి దూరాడు.

తరువాత కింద నుంచి గొంతు వచ్చింది. "తొక్కు."

తొక్కాను.

"ఇడువు... మల్ల తొక్కు. వట్టుకో. ఇడువకు ఇడువకు... ఆఁ, ఇడువు."

ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాటలు అవి. ఒక చక్రం అయ్యాక ఇంకో చక్రం. "తొక్కు", "ఇడువు". నా కాలు పీకుతోంది, కళ్లలో నీళ్లు వస్తున్నాయి, అవి కాలినొప్పికి కావు. నాలుగోది అయ్యేసరికి పెడల్ రాయిలా గట్టిపడింది. "మామా, ఇంక దిగుతలేదు" అని అరిచాను. నోట్లోంచి వచ్చేశాక గానీ ఆయన్ను పిలిచానని తెలియలేదు. ఆయన కింద నుంచి, "దిగొద్దు బిడ్డా. దిగకుంటనే బ్రేకు" అన్నాడు.

ఇద్దరం అలిసిపోయాం. నేను సీట్లోంచి దిగలేదు. ఆయన టైరు లేని ముందు చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. అందుకే చెప్పగలిగాడేమో.

"మీ అత్త పోయిననాడు నేను పూణె అవుతల ఉన్న. దవాఖానల ఏసిండ్రని గూడ తెల్వదు. ఆమెకు జిలేబీ ఇష్టమని కట్టించుకొని వచ్చిన. వాకిట్ల దిగితే అందరు నా మొఖం దిక్కే చూస్తుండ్రు. అన్నీ అయిపోయినయి. రోడ్డు మీద ఉన్నోనికి ఇంట్ల సంగతి అందరికన్న ఆఖరికి తెలుస్తది బిడ్డా. గా పొట్లం చేతిల వట్టుకొని ఎంతసేపు నిలవడ్డనో నాకే తెల్వదు." పానా నేల మీద పెట్టిన చప్పుడైంది. "మనదే బండైతే పల్లీలు గద్వాలకు, ఇటుకలు కొల్లాపూర్‌కు, గింతల్నే తిర్గొచ్చు. పొద్దున పోయి పొద్దుమూకెకు ఇంటికి రావొచ్చు. నేను గట్ల బతకలే. వాడన్న బతకాలె."

నేను ఊఁ కొట్టాను. ఆయనకు అది సరిపోయింది.

ఆ తరువాత బర్రెతో మాకు పని లేకపోయింది. గొర్రెలన్నీ అయిపోయాక టైర్లకు అదే మిగిలింది. పాత టైర్ల మీద కొత్త రబ్బరు తొడిగినవి దొరుకుతాయని ఖాజా భాయ్ చెప్పాడు. పెబ్బేరు సంతకు తోలుకుపోయే ముందు మామ దాని మెడ కింద గోకుతూ చాలాసేపు నిలబడ్డాడు. పాలు లేని చాయ్ అలవాటు చేసుకున్నాం. చెలక గట్టున తుమ్మలు కొట్టించి వెనక చెక్కలు వేయించాడు. కోడిని గంప కిందికి మార్చాం. రంగు నేనే వేశాను. సైకిల్ షాపులో అడుగూ బొడుగూ మిగిలిన డబ్బాలు కలిపితే నీలమూ ఆకుపచ్చా కాని ఒక రంగు వచ్చింది. ముందు పలక మీద పేరు రాయవలసి వచ్చింది. దేవుడి పేరు చెబుతాడనుకుని కుంచె పట్టుకుని నిలబడ్డాను. ఆయన నేల దిక్కు చూస్తూ, "బుచ్చమ్మ అని రాయి" అన్నాడు. అది అత్త పేరు.

ఇంజన్ ఒక శుక్రవారం అందుకుంది. మొదట దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, ఆగింది. ఖాజా భాయ్ ఏదో బిగించి మళ్లీ తిప్పాడు. ఉన్నట్టుండి వాకిలంతా వణకడం మొదలైంది. వంటింట్లో పళ్లేలు చప్పుడు చేశాయి. గోడ మీద పిట్టలన్నీ లేచిపోయాయి. "ఉస్తాద్! ఇన్నవా? ఉస్తాద్!" అని ఖాజా భాయ్ అరుస్తున్నాడు. మామ బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ చప్పుడు విని వీధి వీధంతా వచ్చింది. వచ్చినవాళ్లు మామను పలకరిస్తుంటే, నేను అలవాటు చొప్పున తలుపు చాటుకు పోబోయాను. "ఏడికి పోతున్నవ్ బిడ్డా? ఈడికి రా" అని అందరి ముందూ పిలిచాడు.

హైవే మీద హోటల్లో కబురు పెడితే మా ఆయన వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. టైరును తన్ని చూశాడు. సీటు మీది బొంతను చేత్తో తడిమి, "అమ్మ చీరలు" అన్నాడు. కర్నూలు యజమానికి తాళం చెవి అప్పగించి వచ్చేశాడు. మొదటి లోడు పల్లీలు గద్వాలకు. మామ నన్నూ ఎక్కమన్నాడు. మా ఆయన నడుపుతున్నాడు, మామ అటు కిటికీ దగ్గర, నేను నడుమ. బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా పారుతోంది. ఇంజన్ మోతకు ఎవరి మాటా ఎవరికీ వినిపించడం లేదు. మా ఆయన ఏదో పాట పాడుతున్నాడని పెదవులు చూసి తెలుసుకున్నాను. గద్వాలలో మిల్లు ముందు దిగి మిర్చిబజ్జీలు తిన్నాం. ముగ్గురం కలిసి ఒకచోట కూర్చుని తినడం అదే మొదటిసారి. నాకు కోడేరు కూడా గుర్తు రాలేదు ఆ పూట.

పంట సీజను నడిచినన్నాళ్లు బండి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌ల మధ్య తిరిగింది. సాయంత్రం మలుపు దగ్గర దాని చప్పుడు వినబడగానే నేను రొట్టెల పిండి కలిపేదాన్ని. పల్లీల లోడ్లు తగ్గాక రాయచూరు లోడు వచ్చింది. ఆపైన షోలాపూర్. "గీ ఒక్క ట్రిప్పు" అన్నాడు. ఇంకో ట్రిప్పు అన్నాడు. తరువాత చెప్పడం మానేశాడు. ఇంటి దగ్గర ఉంచుకోవడానికి మేము చేసిన బండే అతణ్ని మరింత దూరం తీసుకుపోయింది. వాకిలి ఖాళీ అయింది. లారీ ఉన్నంతమేరా నేల నల్లగా, నునుపుగా, కళ్లం లాగా ఉంది. మామ అలవాటు కొద్దీ తెల్లవారకముందే లేచి ఆ నలుపు చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. చెయ్యి ఆనించడానికి ఏమీ ఉండేది కాదు. కడగడానికి బోల్టులు లేవు, కుట్టడానికి బొంత లేదు. మాట్లాడుకోవడానికి మాకు అడ్డేమీ లేదిప్పుడు, కానీ మాటకు పని కావాలి. మా ఇద్దరి మాటలూ ఆ బండి వెంటే పోయాయి. అంతకుముందు ఒంటరితనం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఇప్పుడు అది ఇద్దరిదీ అని తెలిశాక ఇంకా బరువైంది.

ఒకరోజు ఆయన నేను వంట చేస్తుంటే గుమ్మంలో కూర్చున్నాడు. దగ్గలేదు.

"బిడ్డా, బండి వానికి అయ్యింది. నీకేం గాలె."

నేను పొయ్యి ఊదుతున్నాను.

"నువ్వు పదో తరగతి పాసైనవు గదా. వనపర్తిల ఆడపిల్లల హాస్టలు ఉన్నదట. ఖాజాను అడిగిన. సదువుకుంటవా? పంతులమ్మవైతవా?"

"మరి నీకు రొట్టె ఎవరు చేస్తరు మామా?"

"లారీ డ్రైవర్‌కు రొట్టె రాదా?" అన్నాడు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

మా ఆయనకు కబురు పోతే, "సదువుకోనియ్యి" అన్నాడట. మామే బస్సెక్కించాడు. నా పెట్టె పైన పెట్టి, కిందికి దిగి, డ్రైవర్ పక్కకు పోయి, "జర మెల్లగ పో. మా బిడ్డ ఉన్నది" అని చెప్పి వెనక్కి తిరిగాడు. బస్సు కదిలేదాకా ఉండలేదు. కుంటుతూ, గబగబా, ఎవరో పిలుస్తున్నట్టు ఇంటి దిక్కు నడిచిపోయాడు. ఆ ఇంట్లో అప్పుడు కోడి కూడా లేదు.

నేను పంతులమ్మనయ్యాను. సెలవు వస్తే పాన్‌గల్‌కు పోయేదాన్ని. కొన్నేళ్లకు మా ఆయన బండి లేకుండా వచ్చి, బిజాపూర్ దిక్కు అమ్మేశానని చెప్పాడు. మామ తింటున్నాడు. చెయ్యి ఆపి ఒక్కటే అడిగాడు. "కొన్నోడు నడిపేటోడా, ఇప్పి ఇనుముకు అమ్మేటోడా?"

"నడిపేటోడే నాయినా."

"మంచిది" అని అన్నం కలుపుకున్నాడు. మామ పోయిన రోజు మేమిద్దరమూ ఆయన మంచం పక్కనే ఉన్నాం. ఆయన భయపడినట్టు, కొడుకుకు రోడ్డు మీద అందరికన్నా ఆఖరున తెలిసే పద్ధతిలో మాత్రం జరగలేదు.

మా ఆయన ఇంకా చాలా ఏళ్లు రోడ్ల మీదే ఉన్నాడు. కళ్లు మసకబారాక వనపర్తిలో మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. మాకు పిల్లలు కలగలేదు. నేనూ రిటైరయ్యాను. ఇప్పటి పిల్లలు ఇంట్లోంచి వీధి చివరికి పోయినా ఫోను చేసుకుంటున్నారు. మా ఇద్దరికీ ఒకే ఇంట్లో ఉంటూ రోజుకు పది మాటలు కూడా అవసరం పడేవి కావు. సాయంత్రం ఆయన బయట అరుగు మీద కూర్చుని వచ్చే పోయే బండ్ల చప్పుడు వినేవాడు. పోయే ముందు చలికాలంలో ఒకనాడు చాయ్ ఇచ్చి లోపలికి రాబోతుంటే నన్ను ఆపాడు.

"ఆ బుచ్చమ్మ బండికి బ్రేకులు బాగుండె. ఘాట్ దిగుతుంటే నా పానం కాపాడినయి ఒకపారి. ఖాజా చేసిండా?"

"మీ నాయినా, నేను."

ఆయన తల ఊపాడు. చాయ్ తాగాడు. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "బాగుగానియ్యి, సూద్దాం అంటిరి. బండి బాగైంది గదా. ఇంటికాడ ఎందుకు ఉండకపోతిరి?"

ఆయన ఖాళీ గ్లాసును అరుగు మీద పెట్టి, పోతున్న బండి చప్పుడు వింటున్నాడు. వినబడలేదేమో అనుకున్నాను.

"నేను ఎప్పుడొచ్చినా మీరిద్దరు ఆ బండికాడనే ఉంటుంటిరి. ఒక మాట లేకుంట, ఒకరి చేతులకు ఒకరు సామాను అందిచ్చుకుంట. మా నాయిన నాతోని గూడ గంతసేపు ఎన్నడు కూసోలే. నువ్వు, మా నాయిన, ఆ బండి. మీ ముగ్గురి నడుమ నాకు జాగ ఏడుండె?"

ఆయన కోసమే గీకిన తుప్పు, ఆయన కోసమే అమ్మిన గొర్రెలు, పడిన పాట్లు అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. "జాగ లేకపోవుడేంది? డ్రైవర్ సీటు మీదే గదా?" అన్నాను చివరకు.

"సీటు బండిల ఉన్నది" అన్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగా. "నేను ఇంట్ల సంగతి అడుగుతున్న."

వీధిలో దీపాలు వెలిగాయి. వంటింట్లో పొయ్యి మీద అన్నం ఉంది, పోయి చూసుకోవాలి. నేను పోలేదు. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఒంటరిదాన్ననుకున్నాను, తరువాత మామ కూడా అనుకున్నాను. గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి, నిద్ర రాకున్నా పోయి పడుకున్న మూడో మనిషిని ఇన్నేళ్లలో ఒక్కసారీ లెక్కలోకి తీసుకోలేదు. అరుగు దగ్గరే నిలబడి ఉంటే, మసక కళ్లతో నా దిక్కు చూసి, ఆయన కొంచెం పక్కకు జరిగాడు. నేను పోయి కూర్చున్నాను.